తెల్లారేసరికి చెరువులో ఏం జరుగుతుంది?

పిల్లలూ, ఇంగ్లీషులో 'ప్రీఎంప్ట్' అని ఓ క్రియ ఉంది. రాబోయే ఆపదను ముందే పసిగట్టి, దానికి చోటు లేకుండా మనమే ముందు అడుగేయడం దాని అర్థం. లాటిన్ మూలంలో అది 'ముందుగా కొనడం'. 1841లో అమెరికాలో ఒక చట్టం చేశారు. ప్రభుత్వ భూమిలో అప్పటికే కాపురముండి సాగు చేసుకుంటున్నవాళ్లు వేలానికి ముందే దాన్ని కొనుక్కోవచ్చన్నారు. ఆ చట్టం పేరులోనూ ఈ మాటే ఉంది. జ్వరం వచ్చాక మాత్ర వేస్తే ఈ క్రియ వాడరు. వస్తుందని తెలిసి, రాకముందే చేస్తేనే వాడతారు.

మరి రాబోయేది తెలిసేదెలా? సైన్సు పని అక్కడే. మన మొగల్తూరులో రొయ్యల చెరువు గట్టెక్కి చూద్దాం రండి.

లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. ఉప్పు కలిస్తే ఇంకా తక్కువ. రొయ్య బతకాల్సింది ఆ కాస్తతోనే. పగలు ఎండ కాస్తే నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. సాయంత్రానికి చెరువు నిండుగా ఉంటుంది. పొద్దుగూకాక తయారీ బంద్. రొయ్యలూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ, ఆ ప్లాంక్టన్ కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది.

పగలంతా మబ్బు పట్టిందనుకోండి. రాబడి తగ్గింది, ఖర్చు మాత్రం అంతే. పైగా జోరువాన పడితే వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. గాలి నుంచి వచ్చే ఆక్సిజన్ అడుక్కి చేరదు. రొయ్య ఉండేదేమో అడుగున. అది పైకి తేలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లను తిప్పడానికి జనరేటర్‌కి డీజిల్ వెతకడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

తెలివైన రైతు రొయ్య తేలేదాకా ఆగడు. సాయంత్రం 7 గంటలకు ఆక్సిజన్ కొలిచే మీటరు ముంచితే లీటరుకు 8 మిల్లీగ్రాములు చూపించిందనుకుందాం. 10 గంటలకు ఆరున్నర. అంటే గంటకు అర చొప్పున పడిపోతోంది. కాగితం మీద ఆ రెండు చుక్కలూ కలిపి గీతను పొడిగిస్తే తెల్లవారుజామున 3 గంటలకు 4 దగ్గరికి వస్తుంది. అంతకన్నా దిగితే రొయ్యకు కష్టకాలం. కాబట్టి ఒంటిగంటకల్లా ఏరేటర్లు తిరగాలి. మబ్బురోజు మేత కూడా తగ్గించాలి. తినకుండా మిగిలిన మేత కుళ్లి, ఉన్న ఆక్సిజన్ని కూడా లాగేస్తుంది.

తుపానులో ఈ కష్టాలన్నీ ఒక్కసారే మీద పడతాయి: మబ్బు, వాన, పైగా కరెంటు కోత. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన నరసాపురానికి దగ్గర్లోనే తీరం దాటింది. భారత వాతావరణ శాఖ తుపాను సమాచారాన్ని అంచెలంచెలుగా ఇస్తుంది. 72 గంటల ముందు తొలి గమనిక, 48 గంటల ముందు అప్రమత్తం, 24 గంటల ముందు హెచ్చరిక. వాళ్లు చేసేదీ గీతను పొడిగించడమే. కాకపోతే ఉపగ్రహాలతో, రాడార్లతో, పెద్ద పెద్ద కంప్యూటర్లతో. ఆ మూడు రోజుల్లో డీజిల్ తెచ్చుకోవాలి, జనరేటర్ ఓసారి తిప్పి చూసుకోవాలి, గట్లకు మట్టి వేసుకోవాలి, పడవలు ఒడ్డుకు లాగాలి, పెద్దవాళ్లనీ పసిపిల్లలనీ గట్టి భవనానికి చేర్చాలి. గాలి మొదలయ్యాక ఇందులో ఒక్కటీ సాగదు.

ముందుచూపు అదృష్టం కొద్దీ వచ్చేది కాదర్రా. కారణం తెలిసినవాడికి కాలం చేతికొస్తుంది. మీ ఇంట్లో చెరువుంటే ఈ వారం నాన్ననో బాబాయినో వెంటబెట్టుకుని రాత్రి రెండుసార్లు మీటరు చూడండి. గీత గీసి తెల్లారేసరికి ఎంతుంటుందో ముందే రాసిపెట్టండి. పొద్దున్నే కొలిచి సరిచూసుకోండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో అడగండి, అసలు సైన్సు అక్కడ మొదలవుతుంది.