దీవెన వచ్చిన ఇంట సిలువకు చోటున్నదా?



ప్రతి సంవత్సరం నవంబరు మాసంలో, కంది చేలు పసుపు పూతతో నిండి ఉండే రోజుల్లో, వికారాబాదుకూ తాండూరుకూ నడుమనున్న ధారూరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. 1920ల ఆరంభం నుండి సాగుతున్న ఈ కూటములకు మన పల్లెల నుండే కాక పొరుగున ఉన్న కర్ణాటక నుండి కూడా కుటుంబాలకు కుటుంబాలు తరలివస్తాయి. మన తాతలు ఎడ్లబండ్లలో జొన్నపిండి మూటలు, వంటచెరకు, గొంగళ్ళు వేసుకొని వచ్చేవారు. చెట్ల నీడన దిగి, అక్కడే వండుకొని తిని, వాక్యం విని తిరిగి వెళ్ళేవారు. నేడు ఆ చెట్ల క్రిందికే కార్లూ ట్రాక్టర్లూ ఆటోలూ వస్తున్నాయి. ఇందుకు దేవునికి స్తోత్రం!

అయితే అక్కడ మోకరించిన మన ప్రార్థనలకు ఒక్కసారి మనమే చెవియొగ్గుదాం. "ప్రభువా, మావాడికి ఉద్యోగం దయచేయుము. బోరులో నీళ్ళు పడనిమ్ము. స్లాబు వేసేటందుకు డబ్బు సర్దుబాటు చేయుము. అమ్మాయికి మంచి సంబంధం కుదుర్చుము." ఇవి అడుగరానివి కావు. ఏ పూటకు ఆ పూట ఆహారం అడుగుమని నేర్పినది ప్రభువే. కాని "ప్రభువా, నీకు నా ఇంటిలో ఏమి కావాలో తీసుకొనుము" అనే ప్రార్థన మనలో ఎందరి నోట వస్తున్నది? శిష్యుడైనవాడు తన ఇష్టాన్ని ప్రక్కకు పెట్టి ప్రతిదినమూ సిలువ మోయాలని లూకా సువార్త 9వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మనకు కంఠతా వచ్చు. ఆ మాట మన లెక్కల పుస్తకంలోకి, మన పొలం గట్టు మీదికి వచ్చిందా అన్నదే ప్రశ్న.

ఈ దీవెన ఏ దారిన వచ్చింది?

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం వేసినప్పుడు తాండూరు, వికారాబాదు ఆ దారిలోని స్టేషన్లయ్యాయి. రెండేండ్లు తిరగకముందే 1876-78 నాటి మహాక్షామం దక్కను దేశాన్ని కమ్ముకొన్నది. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలు దారుల వెంట పడి ఉండేవారు. ఆ దినాల్లో చార్లెస్ బి. వార్డు అనే అమెరికా దేశపు మెథడిస్టు బోధకుడు తాండూరుకు పొరుగుననున్న గుల్బర్గాలో అటువంటి పిల్లలను చేరదీశాడు. ఆయన విలియం టేలరు ప్రారంభించిన స్వయంపోషక సేవలో చేరి వచ్చినవాడు. ఇంత జీతం నెలనెలా వస్తుందన్న హామీ వెనుక లేదు. తనకే రేపటి భోజనం తెలియనివాడు పరుల పిల్లలను తన పిల్లలుగా ఎంచుకొన్నాడు. తరువాత ఇల్లెందు బొగ్గుగనుల వద్ద, బస్తరు అడవుల్లో కూడా ఆయన సేవ చేశాడు.

మరొక దారి ఉన్నది. 1869 మార్చి 23న అమెరికాలోని బోస్టను పట్టణంలో, వర్షం కురుస్తుండగా, కొద్దిమంది మెథడిస్టు స్త్రీలు ఒక చోట కూడి విదేశ సేవకు ఒక సమాజాన్ని ఏర్పరచుకొన్నారు. వారు ధనవంతులు కారు. వారానికి 2 సెంట్లు, దానితో ఒక ప్రార్థన — ఇదే వారు పెట్టుకొన్న నియమం. ఆ చిల్లర డబ్బులతోనే ఇసబెల్లా థోబర్ను, డాక్టరు క్లారా స్వేను 1870 జనవరిలో భారతదేశంలో అడుగుపెట్టారు. థోబర్ను గారు లక్నోలో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలుపెట్టింది. అదే సమాజపు కానుకల పరంపరలో మన వికారాబాదులో మేరీ ఎ. నాట్సు బాలికల పాఠశాల వెలిసింది. మిషను సేవలోనే క్రాఫర్డు మెమోరియల్ ఆసుపత్రి వచ్చింది. పలక ముట్టుకొనే యోగ్యత లేదని ఊరు చెప్పిన ఇండ్ల ఆడపిల్లలు అక్షరాలు నేర్చుకొని ఉపాధ్యాయినులయ్యారు, నర్సులయ్యారు. బైబిలు స్త్రీలు ఎండలో కాలినడకన పల్లె పల్లెకు తిరిగారు. వారిలో ఎందరి పేర్లో ఏ ఫలకం మీదా లేవు.

ప్రియులారా, నేడు మన ఇంట గోడకు వ్రేలాడే డిగ్రీ పటం వెనుక ఈ 2 సెంట్లు ఉన్నాయి. ఎవరో ఒక తల్లి తన వంటింటి ఖర్చులో మిగిల్చినది మన అవ్వ చేతిలో పలక అయినది. మనకు దీవెన సిలువ దారిన వచ్చింది. అది మన గడప దాటి ముందుకు పోవలసివచ్చినప్పుడు సిలువను బయట నిలిపి, దీవెనకు మాత్రం లోపల తాళం వేద్దామా?

పేదరికమే సిలువ అనుకోరాదు

ఇక్కడ ఒక తప్పు తలంపును సరిచేసుకోవాలి. త్యాగం అంటే పేదవానిని పేదవానిగానే ఉండుమని చెప్పడం కాదు. వెట్టిచాకిరి దేవుని చిత్తం కాదు. ఆకలి పుణ్యం కాదు. తాండూరు నాపరాతి గనుల్లో దుమ్ము పీల్చి బండలు తీసేవాడు తన బిడ్డ ఆ గనిలోకి దిగకూడదని కోరుకొంటే అది లోకాశ కాదు, తండ్రి మనసు. మన ప్రాంతపు పల్లెల నుండి పనుల కోసం పూనాకు, బొంబాయికి వలసపోయేవారు తమ పిల్లలను బడిలో నిలుపుకోవాలని ఆశపడితే ఆ ఆశను దేవుడు గద్దించడు. మిషనువారు బడులు కట్టినది కూడా మనం పైకి రావాలనే.

ఒకరు మన మీద మోపిన బరువు వేరు, మనం ప్రభువు కొరకు, పొరుగువాని కొరకు మనసారా ఎత్తుకొన్న బరువు వేరు. మొదటిదానిని దించుకోవడానికి దేవుడు తోడ్పడతాడు. రెండవదాని పేరు సిలువ. మొదటిది దిగినప్పుడు భుజం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ భుజం మీద మరొకని భారానికి చోటిస్తున్నామా లేదా అన్న దగ్గరే శిష్యుడెవరో తెలుస్తుంది.

లోతు కన్నులు

ఆదికాండము 13లో అబ్రాహాము లోతుతో నీకు నచ్చిన దిక్కు కోరుకొమ్మన్నాడు. లోతు కన్నులెత్తి చూశాడు. నీళ్ళున్న మైదానం కనబడింది. ఆ ఊళ్ళో మనుషులు ఎటువంటివారని అడుగలేదు. పెదతండ్రికి ఏమి మిగులుతుందని ఆలోచించలేదు. పచ్చదనం చూసి గుడారం అటు తిప్పుకొన్నాడు. చివరికి మందలూ పోయి, ఇల్లూ పోయి, కట్టుబట్టలతో కొండ గుహ చేరుకొన్నాడు.

నేడు మన ప్రాంతంలో ఈ కథ మళ్ళీ జరుగుతున్నది. పట్నం పెరిగి అనంతగిరి కొండల దాకా వచ్చింది. 2016లో వికారాబాదు జిల్లా అయింది. ఒకప్పుడు జొన్న, కంది పండిన చెలకలకు ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, ఆ కంది పండించే నేలే చేతులు మారిపోతున్నది. భూమి అమ్మిన ఇంటికి ఒక్కసారిగా డబ్బు వస్తుంది. ఆ రాత్రి నుండే అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గుతాయి. చెల్లెలి వాటా మాట ఎత్తితే ముఖాలు మాడుతాయి. ముసలి తల్లి ఎవరి ఇంట ఉండాలన్న పంచాయితీ మొదలవుతుంది. కారు వస్తుంది, మేడ లేస్తుంది. రెండు మూడేండ్లకు అమ్మిన పొలంలోనే కాపలా పనికి కుదిరినవారు లేకపోలేదు.

భూమి అమ్మడం పాపమని చెప్పబోవడం లేదు. బిడ్డ వైద్యానికో, అప్పుల బాధకో అమ్మవలసి వస్తుంది. కాని అమ్మే ముందు మోకరించామా? అమ్మిన తరువాత ఆ డబ్బులో మొదట ఎవరి ముఖం చూశాం? కొట్లు పెద్దవి కట్టించుకొని ఇక తిని త్రాగుదామనుకొన్న ధనవంతుని ఉపమానం లూకా 12లో ఉన్నది. అతడు దొంగ కాడు, పంట అతనిదే. అతని ఆలోచనలో "నా" అన్న మాట తప్ప పొరుగువాని మాట లేదు, దేవుని మాట లేదు. అతని నష్టమంతా అక్కడే ఉన్నది.

విత్తనమని వేసిన అప్పు

ఇంకొక బోధ మన పల్లెలకు వచ్చింది. ఇంత కానుక వేస్తే దానికి నూరంతలు తిరిగి వస్తుందని, రాకపోతే నీ విశ్వాసం చాలలేదని చెప్పే బోధ అది. వడ్డీకి తెచ్చి కానుక వేసిన బీద విధవరాండ్రు ఉన్నారు. ప్రియులారా, దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకొన్నాడు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి సంచి నిండిందని మార్కు సువార్త ఎక్కడా చెప్పలేదు. ఆమె తిరిగి వస్తుందని వేయలేదు, ప్రేమించి వేసింది. అంతకు ముందు వచనాల్లోనే విధవరాండ్ర ఇండ్లు మ్రింగేవారిని ప్రభువు గద్దించాడన్న సంగతి కూడా మరువరాదు. తిరిగి ఎక్కువ తీసుకొనేందుకు వేసినది కానుక కాదు, బేరం.

కాగితం మీది పేరు

మన ప్రాంతపు సంఘాల్లో అనేక కుటుంబాలు దళితవాడల నుండి వచ్చినవే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించారు గాని క్రైస్తవులకు ఇవ్వలేదు. దళిత క్రైస్తవులను బి.సి. 'సి' వర్గంలో 1 శాతం రిజర్వేషనుతో ఉంచారు. కనుక మనలో ఎందరో తల్లిదండ్రులకు పిల్లల బడి ప్రవేశం రోజునే సిలువ ఎదురవుతుంది. ప్రభు భోజనపు బల్ల దగ్గర ఒక మాట, తహసీలు కార్యాలయంలో మరొక మాట చెప్పవలసివస్తుంది.

ఈ ఇరకాటంలో ఉన్నవారిని వ్రేలెత్తి చూపడం సులువు. రిజర్వేషను అవసరంలేని వాడు చూపడం మరీ సులువు. బాప్తిస్మం పొందినంత మాత్రాన ఊరు అంటరానితనం మానలేదు గదా! ఈ అన్యాయం తొలగాలని ప్రార్థించడమూ, న్యాయంగా అడుగడమూ సంఘమంతటి బాధ్యత. అయినా, నష్టం తెలిసీ ప్రభువు పేరునే వ్రాయించుకొన్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వారి పిల్లల ఫీజు ఎవరు కట్టారు? "వారి విశ్వాసం గొప్పది" అని సాక్ష్య కూడికలో మెచ్చుకొని, సెప్టెంబరు ఫీజు దగ్గర వారిని ఒంటరిగా వదిలితే, ఆ సిలువను మనం కూడా వారి మీదనే మోపినట్లు కాదా?

28 పౌండ్ల లెక్క

మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ తన యౌవన దినాల లెక్క ఒకటి చెప్పాడు. ఒక సంవత్సరం ఆదాయం 30 పౌండ్లు. 28తో బ్రతికి 2 పౌండ్లు బీదలకిచ్చాడు. మరుసటి యేడు 60 వచ్చింది. 28తోనే బ్రతికి 32 ఇచ్చాడు. తరువాత 90 వచ్చినప్పుడు 62, ఆ తరువాత 120 వచ్చినప్పుడు 92 ఇచ్చాడు. ఆదాయం నాలుగింతలైనా ఖర్చు మాత్రం గీత దాటలేదు. 1760లో అచ్చయిన ప్రసంగంలో ఆయన న్యాయంగా సంపాదించుట, వ్యర్థం చేయక కూడబెట్టుట, శక్తికొలది ఇచ్చుట అనే మూడు సూత్రాలు బోధించాడు. ముసలితనంలో ఆయన దుఃఖం ఏమంటే, తన ప్రజలు మొదటి రెండూ బాగా నేర్చుకొన్నారు, మూడవదానిని మరచారు అని.

ఇదంతా తెల్లవారి కథ అనుకోనక్కరలేదు. తమిళదేశం నుండి 1909లో డోర్నకలు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపు అయిన వి.ఎస్. అజరయ్య గారు తెలుగు పల్లెల కూలివారికి ఇచ్చుట నేర్పారు. ఆ ప్రాంతపు స్త్రీలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం ప్రభువు కొరకు వేరు కుండలో వేసేవారు. ఎసట్లో పడవలసిన బియ్యమే అది. అటువంటి పిడికెళ్ళ మీద సంఘాలు నిలిచాయి. బోస్టను స్త్రీల 2 సెంట్లు, డోర్నకలు స్త్రీల పిడికెడు బియ్యం ఒకే బల్ల మీది కానుకలు.

మన ఇంట ఏమి చేద్దాం?

మొదటిది, ఈ నెలలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కూర్చొని ఒక గీత గీసుకోండి. ఇంత మన బ్రతుకుకు చాలు, దానికి పైన వచ్చినది మనది కాదు అని. ఎంత అన్నది ఇంటింటికీ వేరు. గీత అనేది ఒకటి ఉండాలి.

రెండవది, మన పల్లె సంఘంలో చదువు ఆగిపోబోతున్న ఒక బిడ్డను చూసుకోండి. మీ పిల్లల ఫీజుతో పాటు ఆ బిడ్డ ఫీజు కూడా లెక్కలో వ్రాసుకోండి. చాటింపు వేయకండి.

మూడవది, చురుకైన మన బిడ్డ "నేను దేవుని సేవకు వెళ్తాను" అన్నప్పుడు "నీకేం గతిలేదా?" అనే మాట నోట రానీయకండి. ఏ ఉద్యోగమూ దొరకనివాడే కాపరి కావాలన్నట్లు మనం మాట్లాడితే, దేవునికి కుంటి గొర్రెను తెచ్చిన మలాకీ దినాల వారికీ మనకూ తేడా ఏమున్నది?

నాలుగవది, పట్నంలో స్థిరపడినవారు పుట్టిన ఊరి మందిరాన్ని మరువకండి. పండుగకు వచ్చి సున్నం వేయించి పోతే చాలదు. నెలకొక ఆదివారం వచ్చి కూర్చోండి. ముసలివారికి కావలసినది మీ డబ్బుకంటే మీ ముఖం.

క్రొత్త సంవత్సరపు నిబంధన ఆరాధనలో మనలను మనం ప్రభువుకు అప్పగించుకొంటూ మాట ఇస్తున్నాం. వెస్లీ 1755లో లండనులో మెథడిస్టులచేత ఆ నిబంధన చేయించాడు. ఆ మాట పలుకుతున్నప్పుడు గుండె తడబడాలి. తడబడితే మంచిదే, అర్థమైందన్నమాట. రాబోయే నవంబరులో ధారూరు చెట్ల క్రింద మోకరించినప్పుడు, అడుగవలసినవి అడుగుదాం. లేచే ముందు మన చేతిలో ఉన్నదానిని కూడా ఆయన ముందు పెట్టి వద్దాం.

ప్రార్థన: ప్రభువా, ఎవరో మోసిన సిలువ వలన మా ఇంటికి వెలుగు వచ్చింది. ఆ ఋణం మరువనీయకుము. నీవిచ్చిన దీవెనను మా చేతుల్లో కుళ్ళిపోనీయక, ఇంకొక ఇంటికి చేర్చే మనసు మాకు దయచేయుము. మా సౌఖ్యం కంటే నీ పిలుపు మాకు ప్రియమగునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.