ప్రగతిపత్రమును చదువుట ఎట్లు?

బడినుండి పిల్లల ప్రగతిపత్రము ఇంటికి వచ్చిననాడు తండ్రి అడుగు మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులు?" అనునది. రెండవది "పక్కింటి పిల్లవానికి ఎన్ని?" అనునది. ఇంతటితో విచారణ ముగియును. పత్రముపై సంతకము పడును. మరల పరీక్షలు వచ్చువరకు దాని ప్రసక్తి ఉండదు. తిరుచానూరులో అమ్మవారి ఆలయవీధులలో పూలమాలలు కట్టి జీవించువారి యిండ్లలో నైనను, తిరుపతిలో ఉద్యోగస్థుల యిండ్లలో నైనను సాధారణముగా నడుచు తంతు ఇదే. పిల్లవాడు గత ఆరునెలలలో ఏమి నేర్చెను, ఇకముందు ఏమి నేర్వవలెను అను విషయము ఆ రెండు ప్రశ్నలలో దేనికిని లోబడదు.

ఇది చిన్న విషయము కాదు. ఐదవ తరగతి ముగించి ఉన్నత పాఠశాలకు పోవు పిల్లవాడు ఒక పుట తడబడక చదువలేకున్నను, అతని పత్రములో ఒక గ్రేడు అక్షరము మాత్రమే కనబడును. ఆ అక్షరము వెనుక ఏమి దాగియున్నదో తెలియునప్పటికి రెండు మూడేండ్లు గడచిపోవును. చదువ రానివానికి సాంఘికశాస్త్రమును, విజ్ఞానశాస్త్రమును కూడ రానట్లే గదా. ఎనిమిదవ తరగతిలో "వీనికి లెక్కలు అబ్బవు" అని మనము తేల్చివేయు పిల్లవాడు చాలసార్లు మూడవ తరగతిలోనే ఎక్కడనో ఆగిపోయినవాడు.

పిల్లల యెత్తు కొలుచుటకు మన యిండ్లలో ద్వారబంధముపై గీత గీయు వాడుక కలదు. ఆరునెలల పిమ్మట అదే ద్వారబంధమునకు చేర్చి నిలువబెట్టి, మరియొక గీత గీసి, రెండింటి నడుమ బెత్తెడో, నాలుగు వ్రేళ్ళో చూచి సంతోషింతుము. మొదటి గీత వంటయింటి వాకిట, రెండవ గీత వీధివాకిట గీచినయెడల ఆ కొలతకు అర్థము లేదు. మార్కుల విషయములో మనము చేయుచున్నది సరిగా ఇదే. ఆగస్టు పరీక్షలో 62, డిసెంబరు పరీక్షలో 58 వచ్చినంతమాత్రమున పిల్లవాడు వెనుకబడినట్లు కాదు. రెండవ ప్రశ్నపత్రము కఠినమై యుండవచ్చును, పాఠములు వేరై యుండవచ్చును. పది మార్కుల స్లిప్ టెస్టులో ఆరు వచ్చినవానికి వచ్చేవారము ఏడు వచ్చినచో దానిని అభివృద్ధి యనుట తొందరపాటు. ఒక రాత్రి జ్వరము, ఒక ప్రశ్న అదృష్టము, అంతే భేదము. తరగతిలో స్థానమును చూచుట ఇంకను మోసకరము. తరగతి అంతయు నేర్చుకొన్నను పదవస్థానము పదవదిగానే యుండును. ఎవరును ఏమియు నేర్వకున్నను మొదటి స్థానము ఒకరికి తప్పక దక్కును.

కనుక మార్కును కొంతసేపు పక్కకు నెట్టి, జవాబు పత్రమును తెఱచి తప్పులను చూడవలెను. చాలమంది తల్లిదండ్రులు ఎఱ్ఱసిరా గీతలను చూచి బాధపడుటయే గాని చదువుట లేదు. ఒక ఉదాహరణము చెప్పుదును. 52 నుండి 27 తీసివేయుమని ఇచ్చిరి. ఒక బాలుడు 35 అని వ్రాసెను; మరియొక బాలిక 79 అని వ్రాసెను. ఇద్దరికిని సున్నయే. కాని ఆ బాలిక గుర్తును చూడక కూడివేసినది. కూడిక చక్కగా వచ్చును. చూపు నిలుపుట రాలేదు. బాలుని సంగతి వేరు. రెండులోనుండి ఏడు పోదు గనుక ఏడులోనుండి రెండు తీసి ఐదు వేసెను. పదుల స్థానములో ఐదులోనుండి రెండు తీసి మూడు వేసెను. పదిని విడగొట్టి ఒకట్లలోనికి తెచ్చుకొనుట యనునది అతనికి ఇంకను అందలేదు. అతనిచేత ఇటువంటి లెక్కలు నూరు చేయించినను నూరును ఇట్లే చేయును. పదేసి పుల్లల కట్టలు ఐదును, విడిపుల్లలు రెండును చేతికిచ్చి, ఇరువదియేడు పుల్లలు తీసి ఇమ్మన్నచో, ఒక కట్ట విప్పకతప్పదని తానే తెలిసికొనును. "రెండువందల నాలుగు" అని చెప్పగా 2004 అని వ్రాయువాడును ఈ కోవలోనివాడే. విన్నది విన్నట్లు 200 వ్రాసి పక్కన 4 చేర్చినాడు. వాని తప్పులో ఒక తర్కము కలదు. ఆ తర్కమును పట్టుకొన్న ఉపాధ్యాయుడు సగము పని చేసినట్లే.

భాషలోను ఇంతే. తెలుగు చదువు నేర్చు పిల్లలు సామాన్యముగా మూడుచోట్ల చిక్కుకొందురు: గుణింతములలో, ద్విత్వములలో, సంయుక్తాక్షరములలో. "మల్లె"ను "మలె" అని చదువు పిల్లకు అక్షరములు రావనుట అన్యాయము. ఆమెకు ఒత్తులు రావు, అంతే. మన ప్రాంతమున ఇంట తమిళము మాటలాడు పిల్లలును కలరు. తమిళలిపిలో ఒత్తక్షరములకు వేఱు గుర్తులు లేవు గనుక "భ" యు "బ" యు, "ఘ" యు "గ" యు ఆ పిల్లలకు ఒకటిగా తోచుట సహజము. దానిని మందబుద్ధిగా లెక్కించి మార్కులు తగ్గించుకొనుచు పోవుటకంటె, వారమునకు నాలుగు మాటల చొప్పున విడిగా వ్రాయించుట మేలు.

ప్రభుత్వమును ఈ దిశగా కొన్ని అడుగులు వేసినది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము పిల్లవాని అవగాహనను సమగ్రముగను నిరంతరముగను మూల్యాంకనము చేయవలెనని నిర్దేశించినది. దాని ననుసరించి నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక పరీక్షలు వచ్చినవి, పట్టికలు వచ్చినవి, తరువాత ఆ పట్టికలు కంప్యూటరులోనికి ఎక్కినవి. అంకెలకు కొరత లేదు. కొరత యంతయు వానిని వాడుకొనుటలోనే యున్నది. ఈ మాట ఊహ కాదు. మన రాష్ట్రముననే పరీక్షించి చూచిన సంగతి.

2005-06 విద్యాసంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు, రాష్ట్రప్రభుత్వము, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకుల సహకారముతో గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో గొప్ప పరిశీలన నడిపిరి. అందులో భాగముగా నూరు పాఠశాలలలోని పిల్లలకు సంవత్సరారంభమున పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చును, ఏది రాదు అను వివరముతో ఉపాధ్యాయులకు నివేదికలు అందజేసిరి. మధ్యమధ్య పరిశీలకులు వచ్చి తరగతులను చూచిరి. ఎదుట పరిశీలకుడు ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధతో బోధించిరి. సంవత్సరాంతమున స్వతంత్రముగా పరీక్షింపగా, నివేదికలు అందని పాఠశాలల పిల్లలకంటె వీరు ఏమియు ముందుకు పోలేదు. 2010లో ఈ ఫలితము ప్రచురింపబడినది.

దీనినిబట్టి నివేదికలు పనికిరానివని యనుకొనరాదు. అదే పరిశీలనలో వేరొక వర్గము పాఠశాలలలో, పిల్లల అభివృద్ధినిబట్టి ఉపాధ్యాయులకు కొంత బహుమానద్రవ్యము ఇచ్చు ఏర్పాటు చేసిరి. అక్కడ నివేదికలు తమకు ఉపయోగపడినవని చెప్పిన ఉపాధ్యాయుల పిల్లలు నిజముగా ముందంజ వేసిరి. వాడవలెనను పట్టుదలకు కారణము ఒకటి ఉన్నచోట కాగితము పనిచేసినది. లేనిచోట బీరువాలో పడియున్నది. బహుమానద్రవ్యమే ఆ కారణము కావలెనని నేననను. ప్రతి నెలయు వచ్చి "మా అమ్మాయికి ఒత్తులు వచ్చినవా?" అని అడుగు తల్లియు ఒక కారణమే.

కాగితముతో పని లేకుండ పిల్లవానికే తన స్థానము తెలియునట్లు చేసిన ప్రయోగము మన సీమలోనే జరిగినది. తిరుపతినుండి పడమరగా పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె పోవుదుము గదా. ఆ మదనపల్లెకు చేరువనే ఋషివ్యాలీ కలదు. జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో దేశమంతట తెలిసిన విద్యాలయమది. దాని గ్రామీణవిద్యాకేంద్రమున 1980 దశకపు రెండవ భాగమునుండి వై. ఏ. పద్మనాభరావుగారును, వారి సతీమణి రమగారును చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు నెలకొల్పిరి. ఒకటే గది, ఒకరిద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతుల పిల్లలు. ఒకే పాఠము అందరికిని చెప్పుట అక్కడ అసాధ్యము. అందుచేత వారు పాఠ్యపుస్తకమును విడదీసి కార్డులుగా మార్చిరి. ఆ కార్డులను వరుసక్రమమున ఒక నిచ్చెనగా గోడకు చిత్రించిరి. నిచ్చెనలో కొన్ని మెట్లు కలిసి ఒక మైలురాయి. ప్రతి మైలురాయిలో మొదట పరిచయము, పిమ్మట అభ్యాసము, దాని తరువాత పరీక్షకార్డు వచ్చును. అది గెలిచినవాడు అదనపు పాఠముతో ముందుకు పోవును. తడబడినవాడు సవరణ కార్డులకు మరలి, అవి చేసి, మరల వచ్చును. కార్డుపై బొమ్మగుర్తు ఉండును గనుక అక్షరములు రాని పిల్లయు గోడమీద తన మెట్టును తానే చూపగలదు.

ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. వేరుసెనగ పెరికెడు దినములలో పది రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగివచ్చి, తాను విడిచిన మెట్టునుండియే ఎక్కును. మామూలు తరగతిలోనైతే ఆ పది రోజుల పాఠము అతనికి శాశ్వతముగా పోయినట్లే. ఇక్కడ పరీక్ష అనునది భయపడవలసిన దినము గాక చదువులో ఒక కార్డు. 1995లో కర్ణాటకమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో ఆరంభమైన "నలి-కలి"కి ఇదియే స్ఫూర్తి. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలును, తరువాత తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నియు ఈ మార్గమును చేపట్టినవి. పొరుగువారు మదనపల్లెకు వచ్చి నేర్చుకొనిపోయిన విద్య ఇది. తిరుచానూరు వారికి అది ఒక పూట ప్రయాణము.

ఇంటివద్ద మనము నిచ్చెనలు చిత్రింపనక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. గ్రామములలో ఇల్లిల్లు తిరిగి పిల్లల చదువును పరిశీలించు "అసర్" సర్వే 2005లో మొదలైనది. వారు వాడు సాధనము ఒక కాగితముపై పట్టునంతటిది: అక్షరములు, చిన్నమాటలు, ఒకటవ తరగతి స్థాయిలో నాలుగు వాక్యములు, రెండవ తరగతి స్థాయిలో ఒక చిన్నకథ. లెక్కలలో అంకెలను గుర్తించుట, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించుట. పిల్లను పక్కన కూర్చుండబెట్టుకొని, గద్దింపక, ఏ మెట్టువరకు సునాయాసముగా ఎక్కునో చూచి, తేదీ వేసి వ్రాసికొనవలెను. ఇది మొదటి గీత.

పిమ్మట ధ్యేయము. "ఈసారి తొంబది మార్కులు తేవలెను" అనునది ధ్యేయము కాదు, కోరిక. ఆ మాట విన్న పిల్లకు రేపు ఉదయము ఏమి చేయవలెనో తెలియదు. "దసరానుండి అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవములలో పంచమీతీర్థము వరకు ఒత్తులున్న మాటలు ఆగకుండ చదువవలెను" అన్నచో తెలియును. ఆ గడువు సుమారు ఎనిమిది వారములు. దినమునకు పావుగంట చాలును. పంచమీతీర్థమునాడు ఊరంతయు జనసముద్రమై యుండును గనుక పరీక్షను మరునాటికి పెట్టుకొనుట మంచిది. నాడు క్రొత్త మాటలతో, అంతే కఠినమైన మాటలతో చూడవలెను. ముందటి మాటలే ఇచ్చినయెడల పిల్ల వానిని కంఠస్థము చేసి ఒప్పజెప్పును, మనము మోసపోదుము. అనుకొన్నది రాలేదనుకొందము. అప్పుడు పిల్లను నిందించుటకు ముందు మెట్టు మరీ యెత్తుగా పెట్టితిమేమో చూచి, దానిని రెండుగా చీల్చవలెను.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. అంకెలపై పెద్దల కన్ను పడినకొలదియు అంకెలు ఉబ్బుట ఆరంభించును. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలపై అభిజిత్ సింగ్ జరిపిన పరిశోధన 2024లో వెలువడినది. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితముపై వ్రాయించిన పరీక్షలు పిల్లల శక్తిని ఉన్నదానికంటె చాల హెచ్చుగా చూపినవనియు, టాబ్లెట్లపై పెట్టిన పరీక్షలు స్వతంత్ర పరీక్షలకు దగ్గరగా నిలిచినవనియు అందు తేలినది. బడిలో జవాబులు అందించుటయు, ఇంటిలో తల్లి పక్కన నిలిచి మెల్లగా అక్షరము అందించుటయు ఒక్కటే. ప్రేమతో అందించిన ఆ అక్షరము నోటుపుస్తకములో పిల్లకు వచ్చినట్లే నమోదగును. ఇక దానిని ఎవరును నేర్పరు.

తరువాత ఉపాధ్యాయుని కలిసికొనినపుడు ఆ నోటుపుస్తకమును వెంట తీసికొనిపోవుడు. "మావాడు ఎట్లు చదువుచున్నాడు?" అన్నచో "పరవాలేదు" అను జవాబే వచ్చును, నలుబదిమంది పిల్లలున్న తరగతిలో ఆయన అంతకంటె చెప్పజాలడు. "తీసివేతలో పదిని విడగొట్టుట వద్ద ఆగుచున్నాడు, మీకును అట్లే కనబడుచున్నదా?" అని అడుగుడు. ఆయన తన పట్టిక తీయును. రెండు పుస్తకములను పక్కపక్కన పెట్టి చూచిన పిమ్మట, రాబోవు నెలలో బడిలో ఆయన ఏమి చేయునో, ఇంట మీరేమి చేయుదురో ఒక్కొక్క వాక్యము వ్రాసి, మరల చూడవలసిన తేదీని దాని క్రింద వేసికొనుడు.