వృద్ధ ఖైదీలు: జైల్లో ఆరోగ్యం, విడుదలయ్యాక బతుకు

మన దేశంలో అరవై నిండినవారిని వృద్ధులుగా లెక్కిస్తారు. జైల్లో ఆ లెక్క చెల్లదు. అమెరికాలో చాలా రాష్ట్రాల జైళ్ల శాఖలు 50 లేదా 55 ఏళ్లకే ఖైదీని వృద్ధుల జాబితాలో చేరుస్తాయి. జైలుకు చేరేవారిలో ఎక్కువమంది పేదరికంలో, సరైన తిండీ వైద్యమూ లేకుండా పెరిగినవారు. కొందరికి మద్యం, మత్తుమందుల అలవాటు ఉంటుంది. లోపలికి వచ్చేనాటికే బీపీ, షుగర్, కాలేయ జబ్బులు ఒంట్లో ఉంటాయి. వాటికి ఇరుకు, నిద్రలేమి, భయం, అయినవాళ్ల ఎడబాటు తోడవుతాయి. దాంతో శరీరం అసలు వయసుకంటే ముందే ముదిరిపోతుంది.

రోజువారీ పనులే గండాలు

వృద్ధుల వైద్యంలో మనిషి శక్తిని కొలవడానికి కొన్ని పనులను చూస్తారు: స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, తన చేత్తో తాను తినడం. జైల్లో బతకాలంటే ఇవి చాలవు. బంక్ మంచం పై అరకు ఎక్కాలి. హాజరు లెక్క ముగిసేదాకా నిలబడాలి. భోజనశాల దాకా టైముకు నడవాలి. సిబ్బంది ఇచ్చే ఆదేశం చెవిన పడాలి. అలారం మోగగానే నేలమీదకు వంగాలి. కాలిఫోర్నియాలో 55 ఏళ్లు దాటిన 120 మంది మహిళా ఖైదీలపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఇలాంటి పనుల్లో కనీసం ఒక్కటైనా కష్టమని వారిలో 69 శాతం మంది చెప్పారు. అంతకు ముందు ఏడాదిలో సగం మంది కిందపడ్డారు.

చిన్న వస్తువు కూడా ఎంత అవసరమో మన దేశంలోనే తెలిసివచ్చింది. నవీ ముంబయి దగ్గరి తలోజా జైల్లో ఉన్న 83 ఏళ్ల ఫాదర్ స్టాన్ స్వామికి పార్కిన్సన్స్ జబ్బు. చేతులు వణుకుతుంటే గ్లాసు నోటిదాకా వెళ్లదు. స్ట్రా, సిప్పర్ కప్పు ఇప్పించమని 2020 నవంబరులో ఆయన కోర్టును అడగవలసి వచ్చింది. 2021 జులై 5న, బెయిల్ రాకుండానే, ఆస్పత్రిలో కన్నుమూశారు.

బయటపడని మతిమరుపు

డిమెన్షియా మొదలైన మనిషిని ఇంట్లోవాళ్లు తొందరగా పసిగడతారు. వంటలో పొరపాట్లు వస్తాయి, డబ్బు లెక్కలు తప్పుతాయి, తెలిసిన దారే మరచిపోతారు. జైల్లో వంట లేదు, ఖర్చు లేదు, వెళ్లవలసిన దారీ లేదు. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో అంతా జైలే నిర్ణయిస్తుంది. అందుకే జబ్బు ముదిరేదాకా బయటపడదు. ఆదేశం అర్థంకాక నిలబడిపోయిన మనిషిని మొండికేశాడనుకొని శిక్షించే ప్రమాదం ఉంది. జపాన్ న్యాయశాఖ 2015లో సర్వే చేసి, 60 దాటిన ఖైదీల్లో దాదాపు 14 శాతం మందికి డిమెన్షియా ఉండవచ్చని అంచనా వేసింది. 2018లో ఎనిమిది పెద్ద జైళ్లలో వృద్ధులకు పరీక్షలు ప్రారంభించింది.

గేటు దాటాక

విడుదలైన తొలి రోజులు ప్రాణాంతకం. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలునుంచి బయటికొచ్చిన 30 వేలకు పైగా మందిని పరిశీలించిన అధ్యయనం 2007లో వచ్చింది. తొలి రెండు వారాల్లో వారికి మరణించే ముప్పు సాధారణ ప్రజలకంటే 12.7 రెట్లు ఎక్కువని తేలింది. మత్తుమందుల మోతాదు మించడం మొదటి కారణమైతే, తర్వాతి స్థానాల్లో గుండెజబ్బులు కూడా ఉన్నాయి. వృద్ధుల విషయంలో ఇది మరీ ముఖ్యం. జైల్లో రోజూ చేతికిచ్చిన బీపీ మాత్ర బయట ఎవరూ ఇవ్వరు. పాత చీటీలు దొరకవు. ఏ ఆస్పత్రికి వెళ్లాలో తెలియదు. భార్యో భర్తో పోయి, పిల్లలు దూరమై ఉంటారు. పనిచేసే ఓపిక ఉండదు.

ఆ ఖాళీని పూడ్చడానికి 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్రాన్సిషన్స్ క్లినిక్ మొదలైంది. ఒకప్పుడు జైలుకు వెళ్లివచ్చినవారే అక్కడ ఆరోగ్య కార్యకర్తలు. కొత్తగా విడుదలైనవారిని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకెళతారు.

జపాన్ నేర్చుకున్న పాఠం

1990 ప్రాంతంలో జపాన్ జైళ్లకు కొత్తగా వచ్చేవారిలో 65 దాటినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇప్పుడు సుమారు ఏడుగురిలో ఒకరు. వృద్ధ మహిళల్లో అత్యధికుల నేరం దొంగతనం, అదీ ఎక్కువగా దుకాణాల్లో చిన్నచిన్న సరుకులు ఎత్తుకుపోవడం. పేదరికం, ఒంటరితనం వారిని మళ్లీమళ్లీ జైలుకే చేరుస్తున్నాయి.

2006 జనవరి 7న షిమొనొసెకి రైల్వే స్టేషన్ తగలబడింది. నిప్పుపెట్టిన 74 ఏళ్ల వృద్ధుడు జైలునుంచి విడుదలై ఎనిమిది రోజులే అయింది. ఉండటానికి చోటు లేదు, తిరిగి జైలుకు వెళ్లాలనుకున్నానని చెప్పాడు. ఈ ఘటన అక్కడివారిని ఆలోచింపజేసింది. 2009నుంచి ప్రాంతీయ స్థిరనివాస సహాయ కేంద్రాలు ఏర్పాటయ్యాయి, మూడేళ్లలో దేశమంతా విస్తరించాయి. 65 దాటి, నిలువనీడ లేని ఖైదీ ఒప్పుకుంటే, విడుదలకు ముందే కేంద్రం వారు వచ్చి మాట్లాడతారు. వృద్ధాశ్రమమో, అద్దె గదో చూస్తారు. సంక్షేమ సాయానికి, వైద్య బీమాకు దరఖాస్తులు పెట్టిస్తారు. స్థిరపడ్డాక కూడా కొంతకాలం కనిపెట్టుకొని ఉంటారు.

మన దేశంలో

జాతీయ నేర గణాంకాల సంస్థ జైలు నివేదికల్లో 50 దాటినవారంతా ఒకే గుంపు. అందులో 80 ఏళ్ల ముసలివారు ఎందరో విడిగా కనిపించదు. మన ఖైదీల్లో నూటికి 75 మంది దాకా ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. జబ్బుపడినవారికి, అశక్తులకు తీవ్రమైన కేసుల్లోనూ బెయిల్ ఇచ్చే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్‌లో ఉంది. తెలుగు కవి వరవరరావుకు 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలపైనే బెయిల్ ఇచ్చింది. అయితే పేరులేని పేద ముసలివారి తరఫున కోర్టులో అడిగే మనిషి ఉండాలి. ఆ బాధ్యత జిల్లా న్యాయసేవాధికార సంస్థలది.

బయటి ప్రజలకు దొరికే స్థాయి వైద్యమే ఖైదీకీ ఉచితంగా అందాలనీ, విడుదలయ్యాక అది ఆగకూడదనీ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతున్నాయి. ఆచరణలో దీనికి కావలసినవి పెద్ద హంగులు కావు. లోపలికి వచ్చినప్పుడే వినికిడి, చూపు, నడక, జ్ఞాపకశక్తి పరీక్షించాలి. కింది మంచం, పట్టుకోవడానికి కమ్మీలు ఇవ్వాలి. విడుదలకు కొన్ని నెలల ముందే ఆధార్, రేషన్ కార్డు, వృద్ధాప్య పింఛను కాగితాలు సిద్ధం చేయాలి. గేటు దాటేరోజు చేతిలో నెలకు సరిపడా మందులు, వైద్య రికార్డు, చేరవలసిన చోటి చిరునామా ఉండాలి. శిక్ష ముగిసిన ముసలిమనిషికి సమాజం బాకీపడ్డ కనీస బాధ్యత ఇది.