మీకు తెలుసా? తుపాకీకి చెక్క స్టాండు ఒక్కటే చాలదు

తమిళనాడులోని సాత్తూరు, కోవిల్‌పట్టి నల్లరేగడి సీమ ఒకప్పుడు తెలుగు పాలెగాళ్లది. 1799 అక్టోబరులో పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీశాక, కోటలు కూల్చి ఆయుధాలు అప్పగించాలని ఈస్టిండియా కంపెనీ పాలెగాళ్లను ఆదేశించింది. ఆ సీమలో నేడు తుపాకీ ఉండాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. కాబట్టి ఇంట్లో చేసుకునే స్టాండుకు రెండు గాడులు చాలు. అందులో ఉండేవి: తుపాకీ మడమ ఆనేందుకు కింద గుంట పెట్టిన పలక, గొట్టం ఒదిగేందుకు పైన అర్ధచంద్రాకారపు కోత ఉన్న పలక. కోతలకు గుడ్డ అంటిస్తే గీతలు పడవు, నిజమే; కానీ ఈశాన్య రుతుపవనాల నెలల్లో అదే గుడ్డ చెమ్మను పట్టి ఇనుముకు తుప్పు తెస్తుంది. దాన్ని తరచూ ఆరబెట్టాలి. తుపాకీకి పూసే నూనె ఎక్కువైతే కిందికి జారి చెక్క పిడిని మెత్తబరుస్తుంది; పలుచని పూత మేలు.

అయితే చెక్క ఎంత బాగా చేసినా తుపాకీని తుప్పు నుంచీ దెబ్బల నుంచీ కాస్తుందే తప్ప, చేతుల నుంచి కాయదు. అడవిపందులు చేలో పడితే వెంటనే అందుబాటులో ఉండాలి కదా అని రైతు అడగవచ్చు. పంట నష్టం చిన్నదేమీ కాదు. కానీ తాళం తీయడానికి పట్టేది కొన్ని క్షణాలే. గోడకు తాళం లేకుండా ఉంచిన తుపాకీ రైతుకు ఎంత సులువుగా అందుతుందో ఇంట్లోని పిల్లవాడికీ అంతే సులువుగా అందుతుంది. అందుకే స్టాండును తాళం వేసే ఉక్కు బీరువా లోపలే బిగించాలి, తూటాలు తీసేసి వేరేచోట తాళంలో పెట్టాలి.