ఇంటి తొట్టెలో చిన్న చేపల గుడ్లు, పిల్లల పెంపకం

పిఠాపురం చుట్టుపట్ల సరదాకు గాజుతొట్టె పెట్టుకున్నవారూ వున్నారు, పెరట్లో రంగుచేపలు పెంచి నాలుగు డబ్బులు చూద్దామనుకునే వారూ వున్నారు. వీరిలో చాలామంది చెప్పే మాట ఒక్కటే: "గుడ్లయితే పెట్టాయండీ, పిల్లలే దక్కలేదు." ఈ చేపలు గుడ్లు పెట్టడం కష్టమేమీ కాదు. పిల్లకు మొదటి పదిరోజులు తిండి అందించడమే అసలు పని. ఆ తిండిని గుడ్లకంటే ముందే సిద్ధం చేసుకోవాలి.

గప్పీ, మోలీ వంటివి ఈదే పిల్లలనే కంటాయి. గుడ్లు పెట్టే వాటిలో మొదట చేపట్టదగినది చారల చేప. దీనినే జీబ్రా డానియో అంటారు. ఇది మన దేశపు చేపే. గంగానది చేపలపై రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని 1822లో వర్ణించాడు. గుడ్డులో పిల్ల ఎదగడం బయటికే కనబడుతుంది గనుక ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో దీనిని పెంచుతున్నారు.

గుడ్లకు వారం ముందే ఒక కుండ తీసుకోండి. పురుగుమందు తగలని ఎండు వరిగడ్డి గుప్పెడు, లీటరు నీటిలో పది నిమిషాలు కాచి చల్లార్చండి. గుడ్డలో వడగట్టిన చెరువునీరు ఒక గ్లాసు కలిపి, పల్చని గుడ్డ కట్టి నీడన వుంచండి. మొదట నీరు తెల్లబడి వాసన వేస్తుంది. కంగారు పడవద్దు. నాలుగైదు రోజులకు తేటపడుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే దుమ్ములాంటి నలుసులు కదులుతూ వుంటాయి. కంటికి ఆనీ ఆనని ఆ జీవులే పిల్లల మొదటి మేత. నాలుగైదు రోజులకొకసారి కొత్త కుండ మొదలుపెడితే మేతకు లోటుండదు.

ఆ వారమే తల్లిచేపలకు దోమపురుగుల వంటి బతికిన మేత వెయ్యండి. పొట్ట గుండ్రంగా వున్నది ఆడది. సన్నగా, బంగారు ఛాయతో వున్నది మగది. పదిలీటర్ల తొట్టెలో నాలుగైదు అంగుళాల నీరు పోసి, అడుగున రెండు వరుసలు గోలీలు పరవండి. ఇదెందుకంటే, ఈ చేపలకు తమ గుడ్లు తామే తినే గుణం వుంది. గుడ్లు గోలీల సందుల్లోకి జారితే దక్కుతాయి. కుళాయినీరు అయితే ఒకరోజు నిలవబెట్టి వాడాలి. ఉప్పాడ వైపు బావినీరు ఉప్పగా తగిలితే పనికిరాదు. సాయంకాలం రెండు మగ, ఒక ఆడ చేపను వదిలితే, సాధారణంగా తెల్లవారి వెలుతురు పడగానే గుడ్లు పెడతాయి. పొద్దెక్కేసరికి పెద్దవాటిని తీసివెయ్యాలి.

గుడ్డు గసగసాల గింజంత వుంటుంది. తెల్లబడినవి చెడినవి, ఏరెయ్యండి. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటపడి, సన్నని వెంట్రుక ముక్కలాగ అద్దానికి అంటుకుంటుంది. మన గోదావరి చీరమేను కూడా దీని ముందు పెద్దదే. అప్పుడు మేత వెయ్యవద్దు. పొట్టకిందనున్న సొనే దాని ఆహారం. ఇంచుమించు అయిదోరోజుకు ఈదుతుంది. ఆనాటినుంచి కుండనీరు కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగుసార్లు పోయాలి.

మోసమంతా ఇక్కడే వుంది. తిండి లేకపోయినా పిల్ల కొన్నిరోజులు ఈదుతూనే వుంటుంది. బాగానే వుందనుకుంటాం. పదోరోజు దాటేసరికి ఒక్కసారిగా అన్నీ పోతాయి. నీరు చెడిందనుకుంటాం గాని, చాలాసార్లు కారణం ఆకలే. పిల్ల ఒళ్లు గాజులాంటిది. పొట్ట నిండిందో లేదో చూస్తే తెలుస్తుంది. కుండనీరు అందకపోతే ఉడికిన గుడ్డుసొన చిటికెడు గుడ్డలో పిండి వెయ్యవచ్చు. ఎక్కువైతే మాత్రం నీరు కుళ్లుతుంది.

పదిరోజుల తరువాత ఆర్టీమియా పిల్లలను పెట్టండి. లీటరు నీటికి పాతిక గ్రాముల కళ్లుప్పు వేసి గాలి ఆడిస్తే, దాని గుడ్లు ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి. వడకట్టి, మంచినీట కడిగి వెయ్యాలి. రోజూ సన్నగొట్టంతో అడుగు మడ్డి లాగి, పదోవంతు నీరు మార్చండి. జోరుగా లాగే ఫిల్టరు పిల్లలను మింగుతుంది. స్పాంజి ఫిల్టరే మేలు. రోహిణి ఎండల్లో తొట్టె నీడన వుండాలి. మూడు నెలల్లో ఈ పిల్లలే గుడ్లకు వస్తాయి.

ఈ పని చేతికొచ్చాక మిగతావి సులువు. గోల్డ్‌ఫిష్ గుడ్లు అంటుకునే రకం. కడిగిన గుర్రపుడెక్క వేళ్లు వేసి, గుడ్లు పడ్డాక ఆ వేళ్లనే వేరే తొట్టెలోకి మార్చాలి. గౌరామి మగచేప నురుగుగూడు కట్టి గుడ్లను కాస్తుంది; గుడ్లయ్యాక ఆడదానిని, పిల్లలు ఈదాక మగదానిని తియ్యాలి. మొదటి మేత అన్నిటికీ ముఖ్యమే.

ఒక హెచ్చరిక. మిగిలిన చేపలను ఏలేరు కాలువలోకో, ఊరిచెరువులోకో వదలవద్దు. అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న అమెరికా ఖండపు సక్కర్ చేప ఇలాగే మన నీళ్లలో చేరి, జాలరుల వలలు చింపుతోంది.

అమ్మకానికి పెంచదలచినవారు ముందు మత్స్యశాఖవారిని కలవండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకూ సాయం చేర్చారు. శిక్షణ విషయం కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలో అడగవచ్చు. అయితే అప్పు చేసి పది తొట్టెలు కొనకముందు, ఒక్క తొట్టెలో ఒక్క విడత పిల్లలను నెలరోజులు దాటించి చూసుకోండి. ముందు కుండ, తరువాత గుడ్డు: ఈ వరుస తప్పకండి.