అస్సాం ఆకు, సిక్కోలు చేతులు: టీ విశేషాలు

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో టీ పంట లేదు. టీ బడ్డీ లేని వీధి కూడా లేదు. ఆమదాలవలస స్టేషను బయట, రాజాం బస్టాండులో, పార్వతీపురం సంతలో తెల్లారకముందే వెలిగేది టీ పొయ్యి. ఇంటికొచ్చిన చుట్టాన్ని "టీ నీళ్ళు తాగి వెళ్దురు గాని" అనకుండా ఎవరూ పంపరు. ఇంతగా అలవాటైన ఆ గ్లాసు వెనక మన జిల్లాల జనం కష్టం ఉంది. మన పొలాల్లో, పెరళ్ళలో టీకి చుట్టాలయ్యే మొక్కలూ ఉన్నాయి. ఆ విశేషాల్లో కొన్నిటిని ఇక్కడ చెప్పుకుందాం.

అస్సాం తోటల్లో మనవాళ్ళు

1839 జనవరిలో అస్సాం టీ తొలిసారి లండన్ వేలానికి వచ్చింది. ఆ ఏడే అస్సాం కంపెనీ పుట్టింది. అడవి కొట్టి తోటలు వేయడానికి వేల చేతులు కావలసి వచ్చాయి. ఛోటానాగపూర్, సంతాల్ పరగణాలతో పాటు మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ జనాన్ని తీసుకెళ్ళారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పట్లో ఆ రెండు జిల్లాల్లో ఉండేవి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరే జిల్లాలయ్యాయి.

మనుషుల్ని కూడగట్టే పని తోట సర్దారుది. అతనూ కూలీగా వెళ్ళినవాడే. సొంత ఊరికి తిరిగొచ్చి బంధువులను, ఇరుగుపొరుగువాళ్ళను వెంట తీసుకుపోయేవాడు. పంట పోయిన ఏడు అతని మాట బాగా చెవికెక్కేది. 1890లలో తూర్పు తీరం వెంట రైలు పట్టాలు పడ్డాక వెళ్ళడం సులువైంది. తిరిగి రావడం మాత్రం అంత సులువు కాలేదు. 1859 నాటి చట్టం ప్రకారం బయానా తీసుకున్న కూలీ ఒప్పందం మీరి పని మానేస్తే అది నేరం. మూడేళ్ళు పనిచేసినవాళ్ళు యజమాని ఖర్చుతో సొంతూరికి తిరిగి వెళ్ళే హక్కు 1932 చట్టంతో గానీ రాలేదు. మనం "స్ట్రాంగ్ టీ" అని ఇష్టంగా అడిగే అస్సాం టీ చరిత్రలో ఈ పుట మన పిల్లల పాఠాల్లో ఉండాలి.

వెళ్ళినవాళ్ళలో సవరలూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలు నేటికీ అస్సాం తోటల్లో ఆకు కోస్తున్నారు. సీతంపేట మన్యంలో సవరలు షెడ్యూల్డు తెగ. అదే సవరలకు అస్సాంలో ఆ గుర్తింపు లేదు, ఓబీసీల జాబితాలో ఉన్నారు. అక్కడి తోటల జనం దశాబ్దాలుగా ఎస్టీ హోదా అడుగుతూనే ఉన్నారు. ఒకే తాత బిడ్డలను రెండు రాష్ట్రాలు రెండు రకాలుగా లెక్కగట్టడం న్యాయం కాదు.

తోటల గడియారం

అస్సాం టీ తోటల్లో ఇప్పటికీ "బాగాన్ టైమ్" నడుస్తుంది. అది మన గడియారం కన్నా గంట ముందుంటుంది. తూర్పున పొద్దు తొందరగా పొడుస్తుంది కాబట్టి, వెలుతురు వృథా పోకుండా తెల్లదొరలు పెట్టిన లెక్క అది.

కిలో పొడికి నాలుగున్నర కిలోల ఆకు

రెండు లేతాకులు, ఒక మొగ్గ. కోత అంటే అంతే. అలా చిదిమిన పచ్చాకు నాలుగున్నర కిలోలుంటే ఇంచుమించు ఒక కిలో టీపొడి వస్తుంది. తోటల్లో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే.

రంగూన్‌లో టీ తినేవారు

కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళు ఈ ప్రాంతంలో ఎందరో. 1942లో జపాను సేనలు బర్మాలోకి రావడంతో అడవుల దారిన కాలినడకన తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ బర్మాలో టీ ఆకును తాగడమే కాదు, తింటారు కూడా. లేతాకును ఆవిరి మీద ఉడికించి, నొక్కిపెట్టి నెలల తరబడి పులియబెడతారు. తర్వాత వేరుశనగ గుళ్ళు, నువ్వులు, వేయించిన వెల్లుల్లి, నూనె కలిపి వడ్డిస్తారు. దాని పేరు లఫెట్. మన ఊరగాయల రుచి తెలిసిన నాలుకకు అది కొత్తగా అనిపించదు.

అంబలి స్థానంలోకి టీ

మన ముత్తాతల పొద్దు టీతో మొదలయ్యేది కాదు. పొలానికి వెళ్ళేముందు చోడి అంబలో, తరవాణో తాగేవారు. టీ మన నోటికి అలవాటైంది ప్రచారం వల్ల. 1903లో ఎగుమతయ్యే టీ మీద సుంకం వేసి, ఆ డబ్బుతో టీ ప్రచారం మొదలుపెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో రైల్వే స్టేషన్లలో టీ స్టాళ్ళు, పోస్టర్లు వెలిశాయి. 1930లలో అస్సాంలో ఆకును నలిపి, చింపి, ఉండలు చుట్టే సీటీసీ యంత్రం వచ్చింది. చిటికెడు పొడితో చిక్కటి డికాక్షన్ దిగడంతో టీ పేదవాడి గ్లాసులోకీ చేరింది. ఇప్పుడు దేశంలో పండే టీలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు మనమే తాగేస్తున్నాం.

టీ వచ్చిందని అంబలి మానేయడం మాత్రం నష్టమే. చోడిలో కాల్షియం ఉంది, పీచు ఉంది, కడుపు నిలబడుతుంది. ఖాళీ కడుపున రెండు గ్లాసుల టీ తాగి నాట్లకు దిగే తల్లికి అందేది చక్కెర, కాస్త చురుకుదనం, అంతే.

అన్నానికీ టీకి మధ్య గంట

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఇనుమును పట్టేసుకుంటాయి. అది ఒంటికి అందకుండా పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉంది. తోటకూర వండుకుని, అన్నం తిన్న చేత్తోనే టీ గ్లాసు అందుకుంటే ఆ కూరలోని ఇనుములో చాలా భాగం వృథా.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని చెప్పింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దనీ చెప్పింది. ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ సంస్థ 1918లో మొదలైంది నీలగిరి టీ కొండల మధ్య ఉన్న కూనూరులో. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రను టీతో మింగడం పల్లెల్లో మామూలైపోయింది. ఆ అలవాటు మానిపించాలి. నీళ్ళతో మింగి, పక్కన జామపండో ఉసిరికాయో నిమ్మరసమో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. గర్భిణులున్న ఇంట్లో అత్తగారికి ఈ సంగతి తెలిస్తే చాలు, సగం పని అయినట్టే.

బెల్లం టీతో రక్తం పడుతుందా?

రుచి మాట నిజం, రక్తం మాట నిజం కాదు. బెల్లంలో ఇనుము ఉన్నా, టీలో కలిపాక అందులో ఒంటికి చేరేది స్వల్పం. మధుమేహం ఉన్నవాళ్ళకు బెల్లమైనా పంచదారైనా ఒకటే. పాలు విరగకుండా ఉండాలంటే టీ మరిగాక పొయ్యి కట్టేసి, చివర్లో బెల్లం తురుము వేయండి. చింతపల్లి, పాడేరు వైపు నుంచి వచ్చే కొండ అల్లం దొరికితే దంచి వేసుకోండి. అల్లం వికారాన్ని తగ్గిస్తుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి.

పాలు కలిపితే మేలు పోతుందా?

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, వైట్ టీ అన్నీ ఒకే మొక్క ఆకులు. ఆకును ఎంతసేపు గాలికి మాగనిచ్చారన్న దాన్ని బట్టి రంగూ రుచీ మారతాయి. పాలు కలిపితే టీ గుణం చచ్చిపోతుందని చాలామంది అంటారు. 2022లో బ్రిటన్‌లో ఐదు లక్షల మంది వివరాలతో వచ్చిన అధ్యయనంలో రోజుకు రెండు కప్పులు, ఆపైన టీ తాగేవాళ్ళలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. పాలు కలిపినా కలపకపోయినా ఆ ఫలితం మారలేదు. అది టీ వల్లేనని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. అయినా పాల టీ తాగేవాళ్ళు బెంగపడనక్కర్లేదు. బెంగ పడాల్సింది ప్రతి గ్లాసులో పడే రెండు చెంచాల పంచదార గురించి.

గ్రీన్ టీ తాగేవాళ్ళు మరిగే నీళ్ళు పోయకండి, చేదెక్కుతుంది. మరిగాక కాసేపు ఆగి పోసి, రెండు మూడు నిమిషాల్లో వడగట్టండి. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే రుచికి రుచి, మేలుకు మేలు.

చుట్టా, చుర్రుమనే టీ

65 డిగ్రీలకు మించి వేడిగా ఉన్న పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు బహుశా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. చైనాలో లక్షల మంది మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనం మరో సంగతి తేల్చింది. మండే వేడి టీకి పొగాకు, మద్యం తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. మన తీర గ్రామాల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ గురించి దశాబ్దాలుగా వైద్యులు పరిశోధిస్తున్నారు. దానివల్ల అంగిటి క్యాన్సరు వస్తుందని రుజువైంది. అడ్డపొగ మానాల్సిందే. టీ అయితే సాసరులో పోసి చల్లార్చుకు తాగితే చాలు. పెద్దవాళ్ళ ఆ అలవాటు నాగరికం కాదని నవ్వేవాళ్ళున్నారు. ఆరోగ్యానికి అదే మంచిది.

టీ పేపరు కప్పులో కాక గాజు గ్లాసులో అడగండి. పావుగంట వేడి పానీయం ఉంటే పేపరు కప్పు లోపలి పొర నుంచి 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు లెక్కగట్టారు.

ఉద్దానంలో ఒక జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. టీ వల్ల అని ఎవరూ అనలేదు. కానీ డాక్టరు రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని కొలత పెట్టినవాళ్ళు టీని కూడా ఆ కొలతలోనే లెక్కపెట్టుకోవాలి. రాళ్ళు పడే గుణమున్నవాళ్ళకు డికాక్షన్‌లోని ఆక్సలేట్లు మంచివి కావు. పాలలోని కాల్షియం వాటిని కొంత పట్టి ఉంచుతుంది.

గోగు పూల టీ

ఇది నాకు చాలా ఇష్టమైన విశేషం. ఈజిప్టులో కర్కదే అని, మరికొన్ని దేశాల్లో హైబిస్కస్ టీ అని ఎర్రగా, పుల్లగా తాగేది ఏ మొక్క నుంచో తెలుసా? మన గోగు జాతి నుంచే. నెల్లిమర్ల, సాలూరు, బొబ్బిలి, రాజాం మిల్లులకు నార ఇచ్చిన పంట అదే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం దాని మీద పనిచేస్తోంది. నార రకాల్లో పూల రక్షకపత్రాలు పలచన. టీకి పనికొచ్చేది వాటిని కండగా, ఎర్రగా కాసే రకం. అమెరికాలో 65 మందితో చేసిన పరీక్షలో ఆరు వారాల పాటు రోజుకు మూడు కప్పులు తాగినవాళ్ళ పై రక్తపోటు సగటున 7 పాయింట్లు తగ్గింది. మాత్రలు మానేయడానికి ఇది కారణం కాదు. కానీ నార పంట తగ్గిపోతున్న మన రైతుకు పూల రకం ఒక దారి కాగలదు. ఆ ప్రయత్నం ఇక్కడ జరగాలి.

పెరట్లో శంఖుపుష్పం తీగ ఉంటే ఐదారు నీలం పూలు వేడినీళ్ళలో వేయండి. నీళ్ళు నీలమవుతాయి. నిమ్మరసం పిండగానే ఊదారంగుకు తిరుగుతాయి. పువ్వులోని ఆంథోసయనిన్లు పులుపు తగిలితే రంగు మారుస్తాయి. పిల్లలకు సైన్సు పాఠం, కెఫీన్ లేని పానీయం.

జీడిపొట్టు కల్తీ

పలాస జీడిపప్పు మీది ఎర్రటి పొట్టులో టీలో ఉండే కాటెకిన్ జాతి పదార్థాలే ఉంటాయి. అందుకే వగరు. ఆ పొట్టుకు రంగు పట్టించి టీపొడిలో కలపడం కల్తీదారుల పద్ధతుల్లో ఒకటి. విడిపొడి కొనేవాళ్ళు ఇంట్లోనే చూసుకోవచ్చు. తడిపిన తెల్ల వడపోత కాగితం మీద పొడి చల్లి కొన్ని నిమిషాలు ఆగండి. చల్లటి తడికే ఎరుపో నారింజో మరకలు పాకితే అది రంగు కలిపిన పొడి. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అనుమానం వస్తే పొట్లం పారేయకుండా జిల్లా ఆహార భద్రత అధికారికి ఇవ్వండి.