వెదజల్లిన వరి నీళ్లలో ఎందుకు చస్తుంది? బలమైన మొలక ఎట్లా వస్తుంది?

మన మేళ్లచెరువు వైపు, సాగర్ ఎడమ కాలువ కింద, నాట్ల కూలీ భరించలేక చాలామంది దమ్ము చేసి విత్తనం వెదజల్లుతున్నారు. ఆ రాత్రే పెద్ద వాన పడి నీళ్లు నిలిస్తే విత్తనమంతా పోయినట్టే. ఎందుకో చెప్తాను.

నీటి కింద గింజకు గాలి అందదు. అప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారడం మందగిస్తుంది. మొలకకు తిండి ఆ చక్కెరే.

పాత పొడుగు రకాల్లో మొలక జోరుగా ఉండేది కానీ, ఎరువు వేస్తే పైరు పడిపోయేది. 1966లో ఐఆర్-8 వచ్చాక పొట్టి రకాలతో దిగుబడి పెరిగింది. అయితే పొట్టి చేసే జన్యువు మొలక సాగే జోరును కూడా కొంత తగ్గిస్తుంది. మరి రెండూ ఒకే విత్తనంలో కావాలంటే?

మయన్మార్‌లోని ఖావో హ్లాన్ ఆన్ అనే నాటు వరి నీటి కింద కూడా మొలుస్తుంది. దానికి కారణమైన జన్యువును 2015లో ప్రకటించారు. అది గాలి లేకున్నా పిండిని చక్కెరగా మార్చడానికి తోడ్పడుతుంది. ఆ వరిని ఐఆర్-64తో క్రాస్ చేసి, వచ్చిన పిల్లలను మళ్లీ మళ్లీ ఐఆర్-64తోనే కలుపుతారు. ప్రతి తరంలో మార్కర్ పరీక్ష చేసి, ఆ జన్యువున్న మొక్కలనే ఉంచుతారు. దిగుబడి గుణం ఐఆర్-64ది, మొలక బలం నాటు వరిది. మన కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010, కృష్ణవేణి, ఐఆర్-64ల సంకరమే. అందుకే ఈ పని మనకూ దగ్గరిదే.

అలాంటి విత్తనం చేతికొచ్చేదాకా ఉప్పునీళ్లలో తేలిన తాలు తీసేసి, మునిగిన గింజలను మంచినీళ్లతో కడిగి వాడండి. మడి చదును చేసి, నీళ్లు పోయే దారి ముందే తీయండి. ఉంటాను.